స్టీరింగ్ మూలిగిన దసరా

నా ఎడమ చెయ్యి నాకు మూడేళ్ళప్పుడే పని మానేసింది. పోలియో. భుజం దగ్గర బాగానే ఉంటుంది. మోచెయ్యి దాటాక సన్నబడిపోతుంది. వేళ్ళు ఒక కాగితాన్ని పట్టుకోగలవు, అంతకన్నా బరువుంటే వదిలేస్తాయి. అప్పటి నుంచీ కుడి చెయ్యి రెండు డ్యూటీలూ చేస్తూ వచ్చింది. జడ వేసుకోవడం, గంజి వార్చడం, నల్లబల్ల మీద రాయడం, తుడవడం, అన్నీ దాని వల్లే అయ్యాయి. నా చెయ్యి చూసి జాలిపడేవాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. ఇప్పటికీ మంటే.

ఆ ఒంటి చేత్తో కాని పని ఒకటే ఉండేది, సిటీబస్సులో నిలబడడం. ఎనభైల మధ్యలో నేను ఉక్కునగరంలో ఒక స్కూల్లో భౌతికశాస్త్రం చెప్పేదాన్ని. కాపురం మాత్రం పాతపట్నంలో, పూర్ణా మార్కెట్‌కి రెండు సందుల అవతల. మా ఆయన పోర్టులో ఓడల్లోకి ఎక్కే సరుకూ దిగే సరుకూ లెక్కరాసుకునే గుమాస్తా. ఆయనకి షిఫ్టులు, నాకు స్కూలు గంటలు. ఇద్దరికీ ఒకే దారి గాని ఒకే వేళ కాదు. బస్సు కాన్వెంట్ జంక్షన్ దాటేసరికే కిక్కిరిసేది. పైన కడ్డీ పట్టుకుంటే సంచీకి చెయ్యి లేదు, సంచీ పట్టుకుంటే నాకు ఆధారం లేదు. ఒకసారి గాజువాకలో ఫుట్‌బోర్డు మీంచి పడ్డాను. మోకాళ్ళు చీరుకుపోయాయి, దిద్దిన పరీక్ష పేపర్లు రోడ్డంతా ఎగిరాయి. వాటిని ఏరుకుంటుంటే ఏడుపొచ్చింది. నొప్పికి కాదు. నన్ను లేపినవాళ్ళలో ఒకాయన, "పాపం, సెయ్యి లేని మడిసి, ఈవిడ్ని ఇంట్లోవాళ్ళు ఎందుకు పంపిత్తన్నారో," అన్నందుకు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇనుప ఖనిజం కొనే వ్యాపారం మీద ఇక్కడ ఉంటున్న జపాన్ ఆయన ఒకడు దేశానికి వెళ్ళిపోతూ తన కారు అమ్మకానికి పెట్టాడు. విడిభాగాలు దొరకని బండని ఊళ్ళో ఎవరూ దాని మొహం చూడలేదు. మా ఆయన చూశాడు. గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది, స్టీరింగ్‌ని ఒక వేలితో తిప్పొచ్చు. ఇప్పుడు ఎంత చిన్న కారుకైనా పవర్ స్టీరింగే, ఎవరూ దాని గురించి మాట్లాడనే మాట్లాడరు. అప్పుడు మా సందులో ఆ మాట విన్నవాళ్ళే లేరు. ఆయన నన్ను ఆ బండిలో కూర్చోబెట్టి, స్టీరింగ్ మీద నా కుడి చెయ్యి పెట్టి, "తిప్పు," అన్నాడు. తిప్పాను. చక్రాలు రెండూ నా మాట విన్నాయి. ఇరవై తొమ్మిదేళ్ళ వయసులో నా బలం చాలిన పెద్ద పని అదే మొదటిది. ఆ పూట నాకు కలిగిన సంతోషం తరవాత చాలా సుఖాల్లో కూడా కలగలేదు.

ఆ బండి తెల్లది. తెల్లదని మేమే చెప్పుకోవాలి. పోర్టు వైపు నుంచి గాలి తిరిగిందంటే ఖనిజం ధూళి అరుగుల మీద, ఆరేసిన చీరల మీద, బండి మీద ఎర్రగా పేరుకునేది. పొద్దున్నే తుడిస్తే మధ్యాహ్నానికి మళ్ళీ జేగురు రంగే. సందులో సగం మా కారే ఆక్రమించేది. పక్కింటివాళ్ళు సైకిళ్ళు దాని పక్కనుంచి ఒడుపుగా తప్పించుకుంటూ, నవ్వుతూ నన్ను తిట్టుకుంటూ వెళ్ళేవారు.

నవ్వకుండా తిట్టే మనిషి ఇంట్లోనే ఉంది, మా అత్తగారు. మావగారు పోయి అప్పటికి పదేళ్ళు. బక్కపలచని మనిషి, గొంతు మాత్రం సందు చివరికి వినిపించేది. కారు కొన్న రోజు నుంచి ఆవిడ దాన్ని ముట్టుకోలేదు, అందులో కూర్చోలేదు. "ఒంటి సేత్తో బండేటే నీకు? రెండు సేతులున్నోల్లే గుద్దేసుకుంటన్నారు. ఉజ్జోగం మానేసి ఇంటికాడుండు," అనేది. నేనూ ఊరుకునేదాన్ని కాదు. "మీకు భయమైతే మీరు ఇంట్లో ఉండండి అత్తా, నన్నెందుకు ఉండమంటారు," అనేదాన్ని. మా ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకునేవాడు.

అసలు సంగతి లైసెన్సు. నేర్చుకునే కాగితం ఉంది, మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని బాగానే నేర్చుకున్నాను. మొదటిసారి పరీక్షకి వెళ్తే బ్రేక్ ఇన్‌స్పెక్టరు నా చెయ్యి చూసి బండి కూడా ఎక్కలేదు. వాదించాను. నా గొంతు కూడా తక్కువదేం కాదు. చివరికి ఆయన, "సరేనమ్మా. దసరా వెళ్ళాక మంగళవారం రండి. ఈ బండిలోనే ఎనిమిది అంకె వేసి చూపించండి. మధ్యలో ఆగకూడదు, చెయ్యి జారకూడదు. వేస్తే సంతకం పెడతాను. లేదంటే ఇంక నా దగ్గరికి రావద్దు," అన్నాడు. అంటే నాకు దొరికింది ఒక్క అవకాశం. అది ఆ బండి స్టీరింగ్ మీద ఆధారపడి ఉంది. స్టీరింగ్ తేలిగ్గా తిరగకపోతే నేను మళ్ళీ ఫుట్‌బోర్డు మీదకే.

పండగకి ముందు రోజు బండి కడుగుతుంటే అత్తగారు గడపలో నిలబడి అడిగింది. "అంత బరువు బండి ఒంటి సేత్తో ఎలగ తిరుగుతాదే?" నాకు పాఠం చెప్పే అవకాశం దొరికితే వదలను. బానెట్ ఎత్తి, కడ్డీ ఆనించి, ఇంజను పక్కనున్న చిన్న డబ్బా మూత తిప్పి, లోపలి ఎర్రనూనె చూపించాను. "ఇదిగో అత్తా, ఈ నూనెని కిందున్న పంపు తాగి, గట్టిగా నెడుతుంది. చక్రాలని తిప్పేది ఆ నెట్టుడే. నా చెయ్యి ఎటు తిరగాలో చెప్తుంది, అంతే. బలమంతా దీనిది." ఆవిడ రెండడుగులు ముందుకొచ్చి ఆ ఎరుపు చూసింది. "ఊఁ," అని లోపలికి పోయింది. నా పాఠాలకి పిల్లలు కూడా దాదాపు అలాగే అనేవారు.

మర్నాడు శుక్రవారం, ఆయుధపూజ. పాతపట్నంలో ఆ రోజు లేతు మిషన్ల నుంచి రిక్షాల దాకా దేనికి బొట్టు లేకుండా ఉండదు. మేమూ బానెట్ ఎత్తి, బ్యాటరీకీ ఇంజనుకీ పసుపు కుంకుమలు పెట్టి, బంతిపూల దండ కట్టి, అక్షింతలు చల్లాం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. మా ఆయన గుమ్మడికాయ దిష్టి తీసి కొట్టాడు. అత్తగారు బయటికి రాలేదు. మావగారు పోయినప్పటి నుంచీ ఆవిడ ఏ పూజలోనూ ముందు నిలబడేది కాదు. ఎవరైనా మంచి పనికి బయల్దేరుతుంటే ముందే పెరట్లోకి వెళ్ళిపోయేది, ఎదురు పడకూడదని. ఎవరూ వెళ్ళమనేవారు కాదు. ఎవరూ ఉండమని కూడా అనేవారు కాదు. నేను కూడా అనలేదు. అన్నిటికీ నోరు చేసుకునే నేను ఆ ఒక్కదానికి మాత్రం నోరెత్తలేదు.

శనివారం పొద్దున్న ప్రాక్టీసుకని బండి తీస్తే కొత్త చప్పుడు వినిపించింది. ముందు సన్నగా, "ఊఁ" అని. సందు మలుపులో స్టీరింగ్ తిప్పగానే అది పెద్దదై మూలుగైంది. జ్వరం వచ్చిన మనిషి పక్క మీద అటూ ఇటూ దొర్లుతున్నప్పుడు మూలిగినట్టు, తిప్పినప్పుడల్లా మూలుగు. పోస్టాఫీసు దాకా వెళ్ళి వెనక్కి తిరిగేసరికి స్టీరింగ్ మధ్యమధ్యలో బిగుసుకోవడం మొదలైంది. ఒక మలుపులో ఎంత లాగినా రాలేదు. మా ఆయన పక్కనుంచి చెయ్యి వేస్తేనే తిరిగింది.

మా ఆయన స్నేహితుడు ఒకడు కార్ల షెడ్డు నడిపేవాడు. ఆదివారం వచ్చి, బానెట్‌లోకి తొంగి చూసి, ఇంజను స్టార్టు చేయించి, అర నిమిషం విని తేల్చేశాడు. "బావా, పంపు పోనాది. ఇది ఇక్కడ దొరకదు. మద్రాసులో అడగాలి, ఆల్లు జపాన్‌కి రాయాలి. నా మాటిని ఈ బండి వదిలించుకో."

"పంపే పోయిందని ఎలా తెలుసు?" అన్నాను.

"సౌండమ్మా, సౌండు. మాకు తెలుత్తాది."

అరిచేవాళ్ళందరూ పోయేవాళ్ళయితే మా ఇంట్లో నేనూ అత్తగారూ ఎప్పుడో పోవాలి. ఆ మాటే అన్నాను. అతను నవ్వి, టీ తాగి వెళ్ళిపోయాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మధ్యలో ఒక్క సోమవారమే ఉంది. మా ఆయన గొంతు తగ్గించి, "పోన్లే, ఇంకో ఇన్‌స్పెక్టరొస్తే అప్పుడు సూద్దాం," అన్నాడు. ఆయన నాకు ఊరట చెప్పబోయాడని తెలుసు. అయినా కోపమొచ్చింది. "పానాలూ స్క్రూడ్రైవరూ తీసుకురండి," అన్నాను.

పదో తరగతి పిల్లలకి నేను చెప్పే మాట ఒకటుంది. ఏది కాదో ఒక్కొక్కటే తీసెయ్యండి, మిగిలిందే జవాబు. అరుగు మీద గోనె పరిచి ఆ పనే మొదలుపెట్టాం. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని పంపు ఒంటికి ఆనించి, పిడిని నా చెవి వెనక ఎముకకి నొక్కుకున్నాను. డాక్టరు గుండె విన్నట్టే, లోపలి చప్పుడంతా తలలోకి వచ్చేసింది. మూలుగు అక్కడిదే. రూఢి చేసుకోవడానికి మా ఆయన పంపుని తిప్పే బెల్టు వదులు చేసి తీసేశాడు. నిమిషం పాటు ఇంజను తిప్పితే మూలుగు లేదు. బెల్టు మళ్ళీ వేసి, వేలితో నొక్కి చూశాం. బిగువు సరిగానే ఉంది. నూనె డబ్బా మూతకున్న పుల్ల తీసి చూస్తే మట్టం కూడా గీత దగ్గరే ఉంది.

కాని నూనె రంగు మారింది. పండగ ముందు రోజు అత్తగారికి చూపించినప్పుడు అది కుంకుమ కలిపిన నీళ్ళలా తేటగా ఉంది. ఇప్పుడు మీద నురగ, చిలికిన మజ్జిగ మీద ఉన్నట్టు. నాకు ప్రాణం లేచొచ్చింది. నూనెలో గాలి కలుస్తోంది! నొక్కితే గాలి అణిగిపోతుంది, నూనె అణగదు. గాలి కలిసిన నూనెతో పంపు నెట్టలేదు, మూలుగుతుంది. కాబట్టి పంపు మంచిదే. డబ్బా నుంచి పంపుకి వెళ్ళే రబ్బరు గొట్టం ఎక్కడో చిట్లి ఉంటుంది, అది గాలి పీలుస్తోంది. మా ఆయనకి అంతా వివరంగా చెప్పాను. గొట్టం రెండు చివర్లా క్లిప్పుల మీద నూనె పోసి చూశాం. సందుంటే నూనె దాన్ని మూసేస్తుంది, చప్పుడు మారాలి. మారలేదు. అయినా నేను గొట్టాన్ని వదల్లేదు. పాఠం చెప్పేవాళ్ళకి ఉండే జబ్బిది, ఒకసారి జవాబు అనుకున్నాక ఇంక దాన్ని మార్చుకోవడం నామోషీ.

సోమవారం పొద్దున్నే నూనె పళ్ళెంలోకి వంపి, గొట్టం ఊడదీసి, దాన్ని సంచీలో వేసుకుని పూర్ణా మార్కెట్ వెనక రబ్బరు సామాన్లు అమ్మే సాయిబు గారి దగ్గరికి వెళ్ళాను. విరగ్గొట్టిన ఓడల నుంచి వచ్చిన గొట్టాలు, వాషర్లు, బెల్టులు ఆయన కొట్లో కప్పు దాకా వేలాడేవి. కళ్ళద్దాలని దారంతో చెవికి కట్టుకున్న పెద్దాయన. అలాంటి గొట్టం కొత్తది కావాలన్నాను. ఆయన దాన్ని వంచాడు, పిండాడు, ఒక చివర బొటనవేలితో మూసి రెండో చివర నోటితో ఊదాడు.

"ఇది బంగారంలా ఉందమ్మా. కొత్తది ఎందుకు?"

సంగతంతా చెప్పాను. పంపు, మూలుగు, నురగ, మంగళవారం. ఎందుకో చెయ్యి సంగతి కూడా చెప్పాను. ఆయన నా చెయ్యి వైపు చూడలేదు.

"షర్బత్‌లో గొట్టం వేసుకుని తాగుతారు కదా. సబ్జా గింజలొచ్చి గొట్టానికి అడ్డం పడితే ఏమైతది? గుర్ గుర్ అని చప్పుడు. షర్బత్ తక్కువ, గాలి ఎక్కువ. మీ పంపు కూడా గట్లనే అడుగుతుంది, దాహం అని. డబ్బా విప్పి అడుగు చూసినారా?"

"నిండుగానే ఉందండీ."

"నిండుగా ఉండడం వేరమ్మా, తాగనివ్వడం వేరు. ముందు చూసి రండి. చూసినాక గూడా గొట్టమే కావాలంటే అప్పుడు ఇస్తా."

అమ్మే సరుకు అమ్మనన్న వ్యాపారిని నేను చూడడం అదే మొదటిసారి. దారిలో నాకు సిగ్గేసింది. పాత్ర నిండుగా కనబడితే అడుగు చూడక్కర్లేదనుకున్నాను. ఇదే తప్పు పిల్లలు చేస్తే సున్నా వేసేదాన్ని.

ఇంటికొచ్చి డబ్బా బోల్టులు విప్పించాను. మా ఆయన దాన్ని పళ్ళెం మీద బోర్లించి తట్టాడు. మిగిలిన ఎర్రనూనె కారింది. దాంతో పాటు పళ్ళెంలో టిక్కుటిక్కుమని రాలాయి. బియ్యం గింజలు. పసుపు కలిపిన బియ్యం. డబ్బా అడుగున నూనె బయటికి పోయే దారికి ఒక చిన్న ఇత్తడి జల్లెడ ఉంది. దాని కన్నాల నిండా గింజలు పొడిచినట్టు నిలబడి, పసుపూ నెయ్యీ ముద్దై పట్టేశాయి. పంపు మూడు రోజులుగా ఆ ముద్దలోంచి నూనె పీల్చుకోవాలని చూస్తోంది. ఓడలకి ఖనిజం ఎత్తే ఊళ్ళో, ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న ఊళ్ళో, నా స్టీరింగ్ అక్షింతలతో ఆగిపోయింది.

నా నోటికి తాళం లేదు. మా ఆయన మీద విరుచుకుపడ్డాను. "పూజప్పుడు ఆ మూత ఎవరు తియ్యమన్నారు మిమ్మల్ని? అక్షింతలు బండి మీద చల్లమంటే బండి కడుపులో పోస్తారా? రేపు నా పరీక్ష అని తెలీదా?"

ఆయన ఒక్క క్షణం తెల్లబోయి చూశాడు. తరవాత, "నానే. మట్టం సూద్దామని మూత తీసినాను. పడిపోయుంటాయి," అన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్న మొగుణ్ణి తిట్టడానికి ఎంత హాయిగా ఉంటుందో! ఇంకో విడత అందుకోబోయాను.

"ఆడు కాదే. నాను," అంది అత్తగారు.

గడపలో నిలబడి ఉంది. కొంగు రెండు చేతుల్లో నలుపుతోంది. ఆ గొంతు సందు చివరికి కాదు కదా, అరుగు దాకా కూడా సరిగ్గా రాలేదు.

"శుక్రారం మీరు పూజయ్యాక పడుకున్నారు. అప్పుడు వచ్చి ఆ మూత తిప్పి ఏసినాను. నువ్వే సెప్పినావు కదేటే, నీ సెయ్యికి బలమిచ్చేది ఆ ఎర్రనూనేనని. నీ సెయ్యికి దేవుడియ్యని బలం అదిత్తంటే దానికి నాలుగక్షింతలు ఏద్దామనిపించింది. నీ నెత్తి మీద ఏత్తే మంచిది కాదంటారు. బండి మీద ఏత్తే నలుగురూ సూత్తారు. లోపలేత్తే ఎవులికీ కనపడదు కదాని..." ఆగి, కన్నీళ్ళు తుడుచుకుంది. "నా సెయ్యే అలాంటిది. ముట్టుకున్నానో లేదో పాడైపోనాది."

నేను బతుకులో చాలాసార్లు నోరు మూసుకోవలసిన చోట మూసుకోలేదు. ఆ రోజు తెరవాల్సిన చోట తెరవలేకపోయాను. నా చెయ్యి చూసి ఎవరైనా ఒక్క మాటంటే గయ్యిమనే నేను, ఇంట్లో ఇంకొక మనిషి తన రెండు చేతులూ పనికిరానివని నమ్ముకుని పదేళ్ళు పెరట్లో నిలబడుతుంటే పట్టించుకోలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు కోపం వస్తుంది. మా ఆయన కిందకి చూస్తూ జల్లెడలోంచి గింజలు గుండుసూదితో ఒక్కొక్కటే పొడిచి తీస్తున్నాడు. ఆయనకి ముందే అర్థమైందని, అందుకే తన మీద వేసుకున్నాడని అప్పుడు తెలిసింది.

చివరికి నా నోటికి వచ్చిన మాట, "అత్తా, పాత వాయిలు చీర ఒకటుంటే ఇవ్వండి. నూనె వడగట్టాలి," అని.

ఆవిడ ట్రంకుపెట్టె తెరిచి తన చీరే చింపి ఇచ్చింది. కొంగు ఒక కొస ఆవిడ పట్టుకుంది, ఒక కొస నేను పట్టుకున్నాను. మా ఆయన మధ్యలో నూనె పోశాడు. డబ్బా కిరసనాయిలుతో కడిగి, ఎండలో పెట్టి, మళ్ళీ బిగించాం. తగ్గిన నూనెకి జపాన్ ఆయన డిక్కీలో వదిలి వెళ్ళిన సగం డబ్బా సరిపోయింది. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఇంజను ఆపే ఉంచి, స్టీరింగ్‌ని ఈ కొస నుంచి ఆ కొసకి మెల్లగా తిప్పుతూ కూర్చున్నాను. నూనెలో చిక్కుకున్న గాలి బుడగలు బుడగలుగా పైకి రావాలి. "వస్తన్నాయి... ఇంకా వస్తన్నాయి," అని మా ఆయన డబ్బాలోకి చూస్తూ చెప్పేవాడు. నా భుజం పడిపోతుందనిపించే దాకా తిప్పాక, "ఆగిపోనాయి," అన్నాడు. అప్పుడు ఇంజను స్టార్టు చేశాం. మూలుగు లేదు. స్టీరింగ్ నా వేళ్ళ కింద మెత్తగా తిరిగింది. అరుగు మీంచి అత్తగారు, "సప్పుడు రాలేదేటే? పాడైపోనాదా?" అంది. నేను నవ్వుతూనే ఏడ్చేశాను.

మంగళవారం పొద్దున్న బయల్దేరే వేళకి ఆవిడ కనబడలేదు. పెరట్లోకి వెళ్తే నుయ్యి దగ్గర మా వైపు వీపు పెట్టి నిలబడి ఉంది.

"అత్తా, రండి. బండెక్కాలి."

"నానా? మంచి పనికెల్తా నన్నెదురెట్టుకుంటావేటే?"

"ఎదురొద్దు. వెనక సీట్లో కూర్చోండి. మీరు ఎక్కకపోతే నేను వెళ్ళను."

మొండితనంలో ఇద్దరం ఒకటే. కాని ఆ పూట గెలుపు నాదైంది. ఆవిడ కాళ్ళు కడుక్కుని, చీర మార్చుకుని, కారు తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియక కాసేపు తచ్చాడి, ఎక్కి కూర్చుంది. సందులో వాళ్ళు గుమ్మాల్లోంచి చూశారు. చూడనీ అనుకున్నాను.

పరీక్ష మైదానంలో సున్నం గీతలతో పెద్ద ఎనిమిది గీసి ఉంది. మా ఆయన దిగిపోయి గోడ పక్కకి వెళ్ళి నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు నా పక్కన ఎక్కి, వెనక్కి తిరిగి చూసి, "పెద్దమ్మా, మీరూ దిగండి. ఈవిడ ఒంటి చేత్తో తిప్పుతుంది, మీకు భయం వెయ్యదా?" అన్నాడు.

"భయమే బాబూ," అంది అత్తగారు. "అందుకే దిగనంటన్నాను."

ఆయన ముందుకి తిరిగి కూర్చున్నాడు. నేను బండి కదిపాను. మొదటి సున్నా చుట్టూ కుడివైపు, నడుమ దాటి రెండో సున్నా చుట్టూ ఎడమవైపు. చెయ్యి జారలేదు, బండి ఆగలేదు. ఇంజను చప్పుడు తప్ప ఇంకే చప్పుడూ లేదు. మొదలుపెట్టిన చోటికి వచ్చి ఆపాను. ఇన్‌స్పెక్టరు కాగితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేసి, నా చేతికిచ్చి, దిగి మా ఆయనతో ఏదో మాట్లాడుతూ నిలబడ్డాడు.

"అయిపోనాదేటి?" అంది అత్తగారు.

"అయిపోయింది అత్తా. ఇచ్చేశారు."

ఆవిడ కిటికీలోంచి సున్నం గీతల వైపు చూసింది. తరవాత, "ఇంకోపాలి తిప్పవే," అంది.

తిప్పాను. సగం దాటాక గీతలు మసగ్గా కనబడడం మొదలైంది. ఉన్న ఒక్క చెయ్యీ స్టీరింగ్ మీద ఉంది, కళ్ళు తుడుచుకోవడానికి ఇంకోటి లేదు. వెనక నుంచి అత్తగారి చెయ్యి వచ్చి, కొంగుతో నా కళ్ళు రెండూ గట్టిగా తుడిచింది.

"ముందుకి సూసి నడుపు," అంది.